మూడొందల నలభై అయిదు వాట్లు

అన్నయ్యా,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. మధ్యాహ్నం నీ ఫోటోకు దండ వేస్తుండగా కోటప్పకొండ వైపు నుంచి గాలివాన వచ్చి కరెంటు పోయింది. అమ్మ ఆక్సిజన్ మిషను ఆగిపోయింది. ఇప్పుడు అది లేనిదే అమ్మకు ఊపిరాడదు. నరసరావుపేట నుంచి అంబులెన్సు బయలుదేరింది కానీ దారంతా చెట్లు పడ్డాయన్నారు. అంతలో నా ఫోను కూడా ఆగిపోయింది. అమ్మ పెదవులు నల్లబడుతున్నాయి.

ఇక మిగిలింది ఫ్యాన్లకూ లైట్లకూ నువ్వు బిగించిన ఇన్వర్టరే.

"వద్దమ్మా, అంత లోడు అది మొయ్యదు. కాలిపోతే ఏం చేస్తావు?" అన్నాడు పక్కింటి ఖాదర్ బాబాయి.

మిషను మీద 230 వోల్టులు, ఒకటిన్నర యాంపియర్లు అని ఉంది, వాట్లు లేవు. ఇన్వర్టరు మీద ఆరొందల వాట్లని మాత్రమే ఉంది. "రెండూ గుణించవే, వాట్లొస్తాయి" అనేవాడివి నువ్వు. ఏడుస్తూనే అరచేతి మీద పెన్నుతో గుణించాను. మొదట తప్పొచ్చింది. మళ్లీ చేస్తే మూడొందల నలభై అయిదు.

ఇంట్లో ఫ్యాన్లు, లైట్లు అన్నీ ఆపేశాను. "మోసిద్ది బాబాయ్" అని మిషను ఇన్వర్టరుకు తగిలించి స్విచ్చి వేశాను. మిషను తిరిగింది.

సాయంత్రం కరెంటు వచ్చేదాకా బ్యాటరీ నిలబడింది. అప్పుడు అమ్మ కళ్లు తెరిచింది. నువ్వు లేవన్న సంగతి ఈమధ్య ఆమెకు గుర్తుండటం లేదు.

"పెద్దోడొచ్చి బాగుచేశాడా?" అంది.

"అవునమ్మా."

"వానలో చానా తడిసుంటాడు. తువ్వాలు ఇవ్వవే."

నేను లేచి వెళ్లి తువ్వాలు తెచ్చాను.

నీ చెల్లి