దేవుడి డబ్బాలో బియ్యం

గోడాదరా, సూరత్
17 మే 2022

అత్తమ్మకు, మీ అల్లుడు సోమలింగం ప్రభువు పేరట వందనాలతో రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మేం ముగ్గురం బాగున్నాం. ముగ్గురం అని రాసేటప్పుడు ఏడాది దాటినా చెయ్యి ఆగుతూనే ఉంది. మీ మోకాళ్ల నొప్పి తగ్గి ఉంటుందని తలుస్తాను.

మీరు అడిగిన వాటికి వరసగా చెబుతాను. మగ్గాలు మళ్లీ రెండు షిఫ్టులూ నడుస్తున్నాయి, నాది పగలు. ఇందుజ ఎనిమిదో తరగతికి వచ్చింది. వంట అదే చేస్తుంది, ఉప్పు ఎక్కువైందంటే గరిటె తెచ్చి నా చేతికిస్తుంది. అనీష్ పక్క తడపడం మానేశాడు. ఈ సంగతి మీకు రాశానని వాడికి చెప్పకండి. ఇక శుక్రవారం స్త్రీల కూటంలో సాక్ష్యం చెప్పాలి, మీ బిడ్డ ఎస్తేరు ఆఖరి మాటలు మళ్లీ ఒకసారి రాసి పంపమన్నారు. దానికి జవాబు చివర రాస్తాను. ముందు చెరువు దగ్గరి సంగతి చెప్పాలి.

కరోనా వల్ల రెండేళ్లు ఆగిపోయిన మా సంఘం వేసవి క్యాంపు మొన్న ఆదివారం పెట్టారు. పొద్దున్నే మా చర్చి ఉన్న ఉధ్నా నుంచి టెంపోలు కట్టుకుని ఊరి బయట చెరువు గట్టున ఉన్న మిషన్ తోటకు పోయాం. అన్నం వండే ముందు పిడికెడు బియ్యం తీసి దేవుడి డబ్బాలో వేయడం ఎస్తేరుకు నేర్పింది మీరే కదా. మా సంఘంలో ఆ డబ్బాలన్నీ క్యాంపుకు తెచ్చి, బియ్యాన్ని ఒకే దుప్పటి మీద పోసి, ప్రేమవిందు వండుతారు.

ఎస్తేరు పోయాక మా డబ్బా మూత నేను తీయలేదు. మంచం కిందే ఉంది. ఏడాది నాటి బియ్యం, పురుగు పట్టి ఉంటాయి, నలుగురిలో ఎట్లా పోసేది? ఎవరూ చూడకుండా చెరువులో చేపలకు వేద్దామని మోసుకుపోయాను. బరువుగా ఉంటే, పాపం ఇంత కూడబెట్టిందా అనుకున్నాను. నీళ్ల దగ్గర కూర్చుని మూత తీయబోతుంటే ఇందుజ ఉరికొచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"ఏం జేస్తున్నవ్ బాపూ? గవి పారబోస్తవా?"

"పాతయి బిడ్డా. ఖరాబైనయి."

"కాలే. నేను ఏపాకు ఏసిన. రోజు పిడికెడు బియ్యం గూడ ఏస్తున్న."

"నీకెవరు చెప్పిన్రు?"

"అమ్మనే. ఫోనుల నీకు చెప్తుంటే నేను పక్కనే ఉన్న. నువ్వు కట్ చేసినవ్ గద."

నిష్ఠూరంగా అనలేదు అత్తమ్మా. జరిగింది జరిగినట్టు చెప్పింది. నేను మూత మళ్లీ బిగించి డబ్బా దాని చేతికిచ్చాను.

వంట చూసుకునే ఐలమ్మ ఆ బియ్యం జల్లెడ పట్టి, "మంచిగున్నయి, నాలుగు పురుగులు ఏ ఇంట్ల ఉండయి" అంటూ దుప్పటి మీద పోసింది. అందరం గట్టు మీద వరసగా కూర్చుని తిన్నాం. అనీష్ రెండుసార్లు పెట్టించుకున్నాడు. తరువాత పాస్టరయ్య నన్ను సాక్ష్యానికి లేవమన్నారు. లేవలేకపోయాను. ముందు మీకు చెప్పుకోవాలి.

నిరుడు నేను మీకు రాసింది అబద్ధం. ఆస్పత్రి నర్సు ఫోను పట్టుకుంటే ఎస్తేరు ప్రార్థన చేసుకుని, "అమ్మకు వందనాలు చెప్పు" అని నవ్వుతూ కళ్లు మూసిందని రాశాను. అట్లా జరగలేదు. కరోనా వార్డులోకి ఎవరినీ రానివ్వలేదు. చేర్చిన మూడో రోజు పొద్దున ఇంటి నుంచి ఫోనులో మాట్లాడాను. ఊపిరి అందక ఆగి ఆగి, "పిల్లలు తిన్నరా? బియ్యం ఎసట్ల పోసే ముందు పిడికెడు తియ్యి, మర్వకు" అంది. నాకు చిరాకేసింది. "ఇప్పుడు గదేంది, ఊకో" అని కసిరి ఫోను పెట్టేశాను. మధ్యాహ్నానికి పోయింది. పక్కన ఎవరున్నారో కూడా నాకు తెలియదు.

మీ దుఃఖం తగ్గించడానికే అట్లా రాశానని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. అది కూడా అబద్ధమే. కసిరిన సంగతి మీకు తెలుస్తుందన్న భయంతో అల్లాను. నా మాట నమ్మి మీరు కూటంలో అందరికీ చెప్పుకున్నారు. శుక్రవారం ఏం చెబుతారో మీ ఇష్టం. నన్ను క్షమించడం, మానడం కూడా మీ ఇష్టమే.

మా షిఫ్టులో పనిచేసే బుచ్చిరాములు సిరిసిల్లకు వస్తున్నాడు, ఉత్తరంతో పాటు చిన్న గుడ్డమూట ఇస్తాడు. దుప్పటి మీద పోసే ముందు జల్లెడలోని మా బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి దాచాను. డబ్బా అడుగున ఉన్నవి ఎస్తేరు వేసినవి, పైవి ఇందుజ వేసినవి. జల్లెడలో కలిసిపోయాయి. మీ ఎసట్లో కలిపి వండుకోండి. ఇందులోంచి మళ్లీ దేవుడికి తీయకండి అత్తమ్మా, ఇవి తీసినవే.

ఇట్లు,
మీ ఎస్తేరు పెనిమిటి, మీ అల్లుడు
సోమలింగం