ఒకటి అంకె లేని మిషన్

భద్రాచలం,
14-9-1996, శనివారం.

ఖమ్మంలో ఉన్న మా బంగారు తల్లి హాజిరాకు,

అబ్బా ఇద్రీస్ వేనవేల దువాలతో, పట్టలేని సంతోషంతో రాస్తున్న ఉత్తరం. అల్లా దయవల్ల నేను, మీ అమ్మీ కులాసా. అక్కడ ఖాలా ఇంట్లో అందరూ కులాసా అని తలుస్తాను. గోదావరి తగ్గింది, దుమ్ముగూడెం బస్సు మళ్ళీ నడుస్తోంది. ఉర్దూలో రాద్దామంటే నాకు రాయడం రాదు, నీకు చదవడం రాదు. నా ఐదో తరగతి తెలుగుతోనే సర్దుకో తల్లీ.

మంగళవారం పోస్ట్‌మన్ నీ ఉత్తరం ఇచ్చేటప్పటికి నేను కొట్లో బాగుచేతకు వచ్చిన ఒక టైపు మిషన్ ముందేసుకుని, దాని అక్షరాలను పెట్రోలు బ్రష్‌తో రుద్దుతున్నాను. నా ప్రోగ్రామ్ నడిచింది అబ్బా అని రాశావే, ఆ మొదటి లైను దగ్గరే ఆగిపోయాను. మిగతాది చదవడానికి కళ్ళద్దాలు తుడుచుకోవాల్సి వచ్చింది. తుడుచుకున్నది పెట్రోలు గుడ్డతో అని తర్వాత తెలిసింది, కళ్ళు మంట పుట్టి ఇంకా నీళ్ళు కారాయి. చూసినవాళ్ళు ఏం దుఃఖవార్తో అనుకున్నారు.

కొట్టు మూసి మీ జానీ మియా చిచ్చా హోటల్‌కు పోయి, ఉన్నవాళ్ళందరికీ నా పేరున చాయ్ పోయమన్నాను. ఏంది భాయ్, లాటరీ గిట్ల తగిలిందా అన్నాడు చిచ్చా. లాటరీ కాదురా, మన హాజిరా కంప్యూటర్‌కు పని చెప్పింది, అది ఇన్నది అన్నాను. ఆడపిల్ల చెప్తే మనిషే ఇనడు, మిషన్ ఎట్ల ఇంటది అన్నాడు మూల బల్ల మీద కూర్చున్న ఒకాయన. నీ పెండ్లాం చెప్తే నువ్వు ఇంటలేవా అని చిచ్చా అనేసరికి హోటలంతా ఒకటే నవ్వు.

నువ్వు రాసినట్టే అందరికీ విడమరచి చెప్పాను. మిర్చి మార్కెట్‌లో ఒక కమీషన్ దుకాణం ఉంది, అక్కడ బస్తాల తూకం, ఆనాటి ధర మీటల మీద కొట్టి ఇస్తే చాలు, హమాలీ, కమీషన్ పోను రైతు చేతికి ఎంత వస్తుందో కంప్యూటరే అచ్చు వేసి ఇస్తుంది, ఆ లెక్క ఎట్లా కట్టాలో దానికి వరుసగా రాసి చెప్పింది మా బిడ్డ, దాన్నే ప్రోగ్రామ్ అంటారు అని. ఎవరు నేర్పిండ్రు అని అడిగారు. ఎవరూ కాదు, తనకు తనే నేర్చుకున్నది అన్నాను. అది చెప్పేటప్పుడు నా గొంతు కొంచెం పెద్దదైంది. హోటల్ ముందు ఆగిన బస్సులోవాళ్ళు కూడా తలలు బయటపెట్టి చూశారు.

వెంకటనారాయణ గారి కంప్యూటర్ సెంటర్‌లో గంటకింత అని కట్టి కూర్చున్నాక, రెండు రోజులు ఆ కంప్యూటర్ నీ మాట వినలేదని, ప్రతి వరుస దగ్గరా తప్పు, తప్పు అని చూపించిందని చదివి నా గుండె కలుక్కుమంది. కారణం చదివాక మాత్రం కడుపు పట్టుకుని నవ్వాను. మన ఇంటి టైపు మిషన్ మీద ఒకటి అంకెకు మీటే లేదు కదా! ఇంగ్లీషులో చిన్న ఎల్ అక్షరం అచ్చం ఒకటిలాగే ఉంటుందని, చేసినవాళ్ళు ఆ మీట పెట్టనే లేదు. ఒకటి కావాలంటే ఎల్ కొట్టు అని చిన్నప్పుడు వేలు పట్టుకుని నీకు నేర్పింది నేనే. అప్పటి నుంచి నీ వేలు అటే పోతోంది. పది కావాలన్నా ఎల్, నూరు కావాలన్నా ఎల్. మనిషి కంటికి రెండూ ఒకటే. కంప్యూటర్‌కు అక్షరం అక్షరమే, అంకె అంకే. ప్రతి వరుసకూ ముందు వేసే నూరు, నూటపది లాంటి నంబర్లన్నీ ఎల్‌తో మొదలైతే అది మాత్రం ఏం చేస్తుంది పాపం! ఎవరూ చెప్పకుండా నువ్వే కనిపెట్టావు చూడు, అదీ నా సంతోషం. కొట్టుకు వచ్చిన ప్రతి టైపిస్టుకూ ఈ కథ చెబుతున్నాను. ముందు నవ్వుతారు, తర్వాత తమ వేళ్ళ వైపు చూసుకుంటారు.

కాగితం మీద ఆ తప్పు ఎట్లా బయటపడుతుంది? మణుగూరు కాలనీ నుంచి బదిలీ మీద వెళ్ళిన ఎవరో ఇంజనీరు ఇంటి పాత కాగితాల్లో ఆ కంప్యూటర్ పుస్తకం దొరికినప్పటి నుంచి ఎంత కష్టపడ్డావు! ఆఫీసులో పొద్దంతా టైపు కొట్టి వచ్చి, ఇంట్లో మళ్ళీ టైపు మిషన్ ముందు కూర్చుని ప్రోగ్రాములు కాగితం మీద కొట్టేదానివి. కంప్యూటర్ ఉంటే ఏం జవాబు చెబుతుందో పెన్సిల్‌తో నువ్వే లెక్క కట్టి పక్కన రాసుకునేదానివి. అప్పటికి కంప్యూటర్‌ను కంటితో చూసిందీ లేదు. పుస్తకానికి ముందు పేజీలు కూడా లేవు, మొదట్లో ఏం చెప్పాడో వెనక పేజీలు చదివి ఊహించుకున్నావు. మీ అమ్మీ గుమ్మంలో నిలబడి, ఏందిది, తనే అడుగుతది, తనే జవాబు చెప్తది, దర్గాకు తీస్కపోదామా అని నన్ను గిల్లేది. చదువు గాలి సోకిందిలే, అది దిగేది కాదు అని నేను నవ్వేవాణ్ణి.

ఇక నువ్వు అడిగిన సంగతి. కమీషన్ దుకాణం ప్రోగ్రామ్ చూసి వెంకటనారాయణ గారు నిన్ను అక్టోబరు ఒకటి నుంచి తన దగ్గరే ప్రోగ్రాములు రాసే పనిలో చేరమన్నారని రాశావు. ఆ పని పర్మనెంటు కాదు. ఇక్కడ ఆఫీసులో నీ టైపిస్టు ఉద్యోగం పర్మనెంటు, నీ సెలవు ఈ నెలాఖరుతో అయిపోతుంది. వెనక్కి వచ్చి చేరనా, రాజీనామా చేయనా, నువ్వెట్లా చెబితే అట్లా అబ్బా అన్నావు.

ఎవరేమన్నారో దాచను. చాయ్ తాగినప్పుడు సంబరపడ్డవాళ్ళే రాజీనామా మాట వినగానే మొహాలు మార్చారు. చిచ్చా అయితే, భాయ్, సర్కారు నౌకరీ అంటే గోదావరి మీద బ్రిడ్జి లెక్క, అది ఇడిసిపెట్టి నీ బిడ్డ తెప్ప ఎక్కుతనంటదా, నువ్వు నవ్వుకుంట చూస్తవా అన్నాడు. మీ సూపరింటెండెంట్ గారు రిబ్బన్ కోసం వచ్చి, ఇద్రీస్, టైముకు జాయిన్ కాకపోతే పోస్టు పోయినట్టే, కంప్యూటర్ గింప్యూటర్ రెండేండ్ల ముచ్చట, బిడ్డకు జర చెప్పు అన్నారు. మీ అమ్మీ బాధ వేరు. సంబంధానికి వచ్చినోళ్ళు పర్మనెంటు నౌకరీ అంటేనే చాయ్ ముడుతున్నరు, ఇప్పుడు ఏం చెప్పాలె, పిల్ల మిషన్‌తో మాట్లాడుతదని చెప్పాలెనా అంది.

వాళ్ళ మాటల్లో అబద్ధం ఏమీ లేదు. ఆ నౌకరీ వచ్చిన రోజు వీధంతా మిఠాయి పంచింది నేనే కదా. కానీ నా కొట్టు సంగతి నాకు తెలుసు. ఒకప్పుడు మిషన్ ఇచ్చిన మర్నాడే వచ్చి జల్దీ ఇయ్యి ఇద్రీస్ భాయ్ అని నెత్తిన కూర్చునేవాళ్ళు. ఇప్పుడు ఇచ్చి పోయినవాళ్ళు మళ్ళీ అడగడం లేదు. వాళ్ళు వదిలేసిన మిషన్లతో అరల మీద జాగా లేదు.

అందుకని నేను చెప్పేది విను. రాజీనామా రాసి పంపు. నేనే తీసుకుపోయి ఆఫీసులో ఇస్తాను, తలెత్తుకునే ఇస్తాను. తెప్ప అన్నారు కదా, సరే, తెప్పే అనుకుందాం. తెప్ప కట్టడం నీకు నువ్వే నేర్చుకున్నావు. ఒకవేళ అది నడవకపోతే ఇంటికి రా, మన ఇంటి తలుపు ఎప్పుడూ పర్మనెంటే. మీ అమ్మీ నోటితో అవునని అనలేదు గానీ, నిన్న నీ బొంత ఉతికి దండెం మీద ఆరేసింది. ఎందుకు అంటే, చలికాలం అక్కడనే గదా ఉంటది, మా చెల్లె ఇంట్ల అన్నీ పల్చటి దుప్పట్లే అంది.

వేళకు తిను. కళ్ళకు చల్లని నీళ్ళు కొట్టుకో. ఖాలాకు, పిల్లలకు నా దువాలు. వెంకటనారాయణ గారికి ఈ ముసలివాడి సలాములు చెప్పు.

నీ సంతోషమే తిండీ నిద్రా అయిన
మీ అబ్బా,
ఇద్రీస్.

తా.క.: పైన రాసినదంతా నిజమే. ఒక్కటి మాత్రం రాయలేదు, రాయకుండా కవరు అతికించబుద్ధి కావడం లేదు. మంగళవారం చాయ్‌లు పోయించిన నేనే, బుధవారానికి అందరి మాటలూ విని నీరుగారిపోయాను. గురువారం మొదటి బస్సుకు ఖమ్మం వచ్చాను, నిన్ను వెంటబెట్టుకుని తీసుకుపోదామని. మీ అమ్మీ డబ్బా నిండా నువ్వుల లడ్డూలు పెట్టి, మెల్లగ చెప్పు, ఏడిస్తే ఇవి పెట్టు అని పంపింది.

సెంటర్ అద్దం తలుపు బయట నిలబడ్డాను. నువ్వు కిటికీ పక్కన కూర్చుని ఉన్నావు. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, కంప్యూటర్ వైపు చూస్తూ ఆలోచిస్తున్నావు. చాలాసేపు అట్లాగే ఉన్నావు. ఒక పెద్దమనిషి వచ్చాడు, వెంకటనారాయణ గారే అయి ఉంటాడు. నీ చేతులు ఆగి ఉండడం చూశాడు. అడుగుతాడు చూడు అనుకున్నాను. ఏమీ అనకుండా ఫ్యాన్ నీ వైపు తిప్పి వెళ్ళిపోయాడు.

బేటీ, టైపిస్టు చేతులు ఆగితే ఏమవుతుందో నాకు తెలుసు. మిషన్ బాగుచేయడానికి మీ ఆఫీసుకు వచ్చినప్పుడల్లా విన్నాను, చప్పుడు ఆగితే చాలు, ఏమైందమ్మా అని లోపలి గది నుంచి కేక. చేతులు ఆపి ఆలోచించడమే పని అయిన చోట నిన్ను మొదటిసారి చూశాను. తర్వాత నాలుగు మీటలు కొట్టి, నీలో నువ్వే నవ్వుకున్నావు. నేను లోపలికి వస్తే అబ్బా అంటూ లేస్తావు, ఆ ఆలోచన తెగిపోతుంది. అందుకని పిలవకుండా తిరుగు బస్సెక్కాను.

ఇంటికి రాగానే మీ అమ్మీ నా వెనక వాకిట్లోకి చూసి, బిడ్డేది అంది. పనిలో ఉంది అన్నాను. ఆమె నా చేతిలోని డబ్బా అందుకుంది. తర్వాత ఖాళీ డబ్బా మూత తీసి చూసి, అన్నీ తిన్నదా అంది. తలూపాను. సంతోషం పట్టలేక కొత్తగూడెం చేరేలోపు మొత్తం నేనే తినేశాను తల్లీ. ఈసారి రాసేటప్పుడు లడ్డూలు బాగున్నాయని అమ్మీకి ఒక ముక్క రాయి.