నిమ్మచెట్టు గూడు, నేను కోసిన రెమ్మలు

ఆళ్లగడ్డ కాపురస్తుడు, కీ.శే. యాకోబు కుమారుడు, రిటైరైన డ్రాయింగు మాస్టరు బాలస్వామి అను నేను, రేపు కడుపు ఆపరేషనుకు కర్నూలు పోవలసియున్నందున, బుద్ధి నిలకడగా ఉండగానే, ఎవరి ఒత్తిడీ లేకుండా వ్రాసిన వీలునామా. అక్షరాలు వంకరపోయింది భయంతో, మతి చెడి కాదు.

1. నా స్వార్జితమైన ఇల్లు, పెరడు నా భార్య లూదియాకు సర్వహక్కులతో చెందవలెను. పెరట్లో నిమ్మచెట్టు జోలికి ఈ ఎండాకాలం ఎవరూ పోరాదు.

2. తమ్ముడు మత్తయికి నా గొడుగు. మహానంది తోపులో పసుపుపిట్ట కోసం మూడు గంటలు కదలకుండా కూర్చుంటే, వెనకనుంచి వచ్చి తుమ్మిన మనిషికి అంతకు మించి ఇవ్వను.

3. నంద్యాలలో స్టూడియో నడుపు స్నేహితుడు హుస్సేన్ వలికి నా కెమెరా, నెగటివులు. 1974లో ఆత్మకూరు అడవిలో తీసిన, పొడుగు తెల్లతోక వేలాడే తోక పిగిలిపిట్ట ఫోటోకు నాకు బహుమతి వచ్చింది. వెలుతురు చాలలేదని గూటిమీది ఆకులు కత్తెరతో కోసి తీసినాను. మరునాటికి కాకులు పిల్లలను ఎత్తుకుపోయినాయి. ఖాళీ గూడునూ తీసినాను. రీలు కడిగిన వలి, "ఏందప్పా, గూడు బోసిగా ఉండాది, పిల్లలు యాడ?" అన్నాడు. చెప్పినాను. తొమ్మిదేండ్లుగా ఆ మాట అతని నోరు దాటలేదు. అతను కూడా ఆకు తాకకుండా తీసేవారి చేతికే ఆ కెమెరా ఇవ్వవలెను.

4. లూదియా, మొన్న ఆదివారం నువ్వు చర్చికి పోయినప్పుడు మళ్లీ అదే పని చేసినాను. నిమ్మచెట్టులో పిగిలిపిట్ట గూటి ముందర రెండు రెమ్మలు కోసినాను. ఆపరేషనుకు ముందు ఒక్క మంచి ఫోటో అనుకున్నా. సిగ్గుగా ఉంది. మూడు పిల్లలు, ఇంకా కళ్లు తెరవలేదు. రెమ్మలు దారంతో కట్టినా వాడిపోయినాయి. పంచె చింపి నీడ కట్టినాను. తల్లి వస్తోంది, కానీ కాకి గోడ దిగడం లేదు. కర్నూలుకు మత్తయి చాలు, నువ్వు రావద్దని కసిరింది ఇందుకే. నువ్వు నొచ్చుకున్నావు. ఎదురుగా చెప్పే ధైర్యం లేక వ్రాస్తున్నాను. నేను బస్సెక్కగానే పక్కింటి రామయ్య ఈ కాగితం నీకిస్తాడు. వెంటనే చెట్టుకింద మంచం వేసుకో. కాకిని వాలనివ్వకు.

5. పిల్లలు ఎగిరిపోతే మొదటి బస్సుకే వచ్చి చెప్పు. కాకి ఎత్తుకుపోతే మాత్రం నా కుట్లు విప్పేదాకా రావద్దు. నీకు అబద్ధం చేతకాదు. నీ మొహం చూస్తే నాకు తెలిసిపోతుంది.

ఆళ్లగడ్డ, 16-3-1983
(సంతకం) యా. బాలస్వామి

సాక్షులు:
1. రామయ్య, పక్కింటివారు
2. అబ్దుల్ గఫార్, సైకిలు షాపు