డస్క్‌లో మాత్రమే దొరికేవి

17-6-2001, ఆదివారం

మణి మావయ్య సింగపూర్ నుంచి పంపిన పార్సిల్ వచ్చింది. ఈసారి డ్రెస్ కాదు. గేమ్ మెషిన్! అరచేతిలో పట్టేంత ఉంది. లోపల వైల్డ్‌లింగ్స్ అనే గేమ్. అడవుల్లో తిరిగి జంతువుల్ని పట్టుకోవాలి. పేర్లు పెట్టి పెంచాలి. వేరేవాళ్ళ జంతువులతో పోట్లాడించాలి. అన్నానికి రమ్మని అమ్మ ఎన్నోసార్లు పిలిచిందట. నాకు వినపడలేదు.

20-6, బుధవారం

మోసం. ఈ గేమ్‌ని రెండు రకాలుగా చేసి అమ్ముతారట. పొద్దుపొడుపు పేరుతో డాన్ ఒకటి, మునిమాపు పేరుతో డస్క్ ఒకటి. నాది డాన్. డస్క్‌లో ఉండే జంతువులు కొన్ని నేనెంత తిరిగినా నాకు దొరకవు. డస్క్ ఉన్నవాళ్ళ మెషిన్‌కీ నా మెషిన్‌కీ వైరు కలిపి, ఒకటిచ్చి ఒకటి పుచ్చుకోవాలి. వైరు పెట్టెలోనే ఉంది. మనిషే లేదు. ఈ సామర్లకోటలో ఇంకెవరి దగ్గరుంటుంది? షుగర్ ఫ్యాక్టరీ క్వార్టర్స్ మొత్తానికి నాకొక్కదానికే ఉంది. మొన్నటిదాకా అదే గొప్పగా ఉండేది.

రెండూ పంపితే మీ తమ్ముడి సొమ్మేం పోయేది అన్నారు నాన్న. అమ్మ సాయంత్రం దాకా ఆయనతో మాట్లాడలేదు.

4-7, బుధవారం

మా నైన్త్‌లోకి కొత్తమ్మాయి వచ్చింది. పేరు రూతు. రాజోలు దగ్గర ఏదో పల్లెటూరు. స్టేషన్ అవతల పేటలో వాళ్ళ అమ్మమ్మ దగ్గరుంటుంది. జడ నిండా నూనె. ఇంగ్లీష్ చదవమంటే ఒక్కో అక్షరం తడుముకుంటూ చదివింది. టీచర్ లాస్ట్ బెంచీకి పంపేసింది. నా పక్కన కూర్చునే దుర్గాశ్రీ దాన్ని అనుకరించి చూపిస్తే నవ్వలేక చచ్చాం.

లంచ్‌లో నీళ్ళ ట్యాంకు వెనక్కి వెళ్తే అక్కడ అది ఒక్కతే కూర్చుని ఆడుకుంటోంది. నా మెషిన్ లాంటిదే! పాతది, ఒక మూల విరిగిపోయింది, వెనకాల అరబ్బీ స్టిక్కర్లు. ఏ వెర్షన్ అని అడిగాను. దానికి వెర్షన్ అంటే తెలియదు. లాక్కుని చూశాను.

డస్క్.

5-7, గురువారం

నా పులిహోరలో సగం దానికి పెట్టాను. దుర్గాశ్రీ నాతో కచ్చి.

15-7, ఆదివారం

రూతు మా ఇంటికొచ్చింది. నాయనమ్మ ముందు ఇంటిపేరు అడిగింది, తర్వాత వాళ్ళ నాన్న ఏం చేస్తాడని అడిగింది. ఆ తర్వాత లోపలికి రమ్మనలేదు. వరండాలో చాప వేయించింది. హార్లిక్స్ వచ్చింది, కానీ పనమ్మాయికిచ్చే సొట్ట గ్లాసులో. రూతు ఒకసారి నా గ్లాసు వైపు చూసింది. తాగేశాక పెరట్లోకి వెళ్ళి తన గ్లాసు తనే కడిగి, గట్టు మీద బోర్లించి వచ్చింది. నేను స్క్రీన్ చూస్తున్నట్టు కూర్చున్నాను.

వైరు పనిచేసింది! నేను ఓ చచ్చు పురుగునిచ్చి దాని దగ్గర రెక్కల గుర్రాన్ని పుచ్చుకున్నాను. ఏది విలువైనదో దానికి తెలియదు. థాంక్స్ కూడా చెప్పింది.

29-7, ఆదివారం

ఇవాళ రూతు దగ్గర్నుంచి ఇంకో మూడు జంతువులు వచ్చాయి. పాపం అనిపించాలేమో. అనిపించలేదు.

ఆ మెషిన్ కథంతా చెప్పింది. వాళ్ళమ్మ కువైట్‌లో ఎవరింట్లోనో పని చేస్తుంది. ఆ ఇంటి కుర్రాడికి కొత్త మెషిన్ కొంటే ఈ పాతది చెత్తలో పడేశారట. వాళ్ళమ్మ తీసి దాచుకుంది. ఆ కుర్రాడు ఆడుతుంటే చూసి నేర్చుకుందట. ఏడో క్లాసు దాకా చదివింది కాబట్టి ఇంగ్లీష్ అక్షరాలొచ్చు. రూతు గేమ్‌లో ఉన్నవన్నీ ఆవిడ పట్టుకున్నవే! తర్వాత రాజోలు వెళ్తున్న ఎవరితోనో కూతురికి పంపించింది.

లూనెట్ అని ఒక కొంగ ఉంది. డస్క్‌లో తప్ప దొరకదు. వాళ్ళమ్మ దానికి RUTHU అని పేరు పెట్టింది. లెవెల్ చూసి నాకు కళ్ళు తిరిగాయి. అది అడిగితే మాత్రం రూతు ఇవ్వనంది. మిగతావి ఏవైనా తీసుకో మధూ, అది మా అమ్మ పెంచింది అంది.

నాకు అదే కావాలి.

6-8, సోమవారం

ఆ పేట పిల్లతో నీకేంటే అని దుర్గాశ్రీ అందరిముందూ నిలదీసింది. దాని దగ్గర నాకు కావలసినవి ఉన్నాయి, అయిపోగానే వదిలేస్తాను అన్నాను. వెనక్కి తిరిగితే రూతు. నా ఇంగ్లీష్ నోట్స్ తిరిగివ్వడానికి వచ్చి నిలబడింది. ఇచ్చేసి వెళ్ళిపోయింది.

12-8, ఆదివారం

రాదనుకున్నాను. వచ్చింది! మొన్నటి సంగతి అడగలేదు. వాళ్ళమ్మ ఫోన్ చేసిందట. సామర్లకోటలో నీకెవరైనా స్నేహితులయ్యారా అని అడిగితే నా పేరు చెప్పానంది. నాకు చిరాకేసింది. ఎందుకో తెలియదు.

19-8, ఆదివారం

సాధించాను.

లూనెట్‌కి ఒక రహస్యముంది. అది ఒక మెషిన్ నుంచి ఇంకో మెషిన్‌లోకి వెళ్తేనే పెద్దదిగా మారుతుంది. రూతుతో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఒక్క నిమిషం నాకివ్వు, మారగానే తిరిగిచ్చేస్తాను, క్రిస్మస్‌కి మీ అమ్మ వచ్చినప్పుడు చూపించొచ్చు అన్నాను. దేవుడి మీద ఒట్టు వెయ్యమంది. మీ దేవుడి మీద ఒట్టు, మా దేవుడి మీద ఒట్టు అన్నాను. అది నవ్వింది.

వైరు కలిపాం. స్క్రీన్ తెల్లగా అయిపోయింది. కొంగ వెలిగింది. రెక్కలు వెండిలా విచ్చుకున్నాయి, తలమీద నెలవంక వచ్చింది. లూనారా! ఇద్దరం ఒకేసారి అరిచాం. నాయనమ్మ లోపలినుంచి ఏంటా గోల అంది.

రూతు, ఇంక ఇచ్చెయ్ మధూ అంది. నేను వైరు పీకేశాను. బ్యాటరీలు అయిపోయాయి, వచ్చే ఆదివారం అన్నాను. స్క్రీన్ నా చేతిలో ఇంకా వెలుగుతూనే ఉంది. రూతు అది చూసింది కూడా.

25-8, శనివారం

రేపు రావద్దని చెప్పాను. మా నాయనమ్మకి మీవాళ్ళు ఇంటికి రావడం ఇష్టం లేదన్నాను. అందులో అబద్ధమేమీ లేదు.

28-8, మంగళవారం

కొంగ పేరు మార్చాలని చూశాను. గేమ్‌లో పేర్లు మార్చే ముసలాడు ఒకడున్నాడు. ఈ పేరు వేరేవాళ్ళు ప్రేమగా పెట్టినది, మార్చడానికి వీల్లేదన్నాడు. వెళ్ళి మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే అన్నాడు. లిస్టు తెరిస్తే చాలు, అన్నింటికన్నా పైన RUTHU.

5-9, బుధవారం

టీచర్స్ డే. స్టాఫ్ అంతా హాల్లో ఉన్నారు. రూతు నా బెంచీ దగ్గరికొచ్చి, నాది నాకిచ్చెయ్ మధూ అంది. గట్టిగా. అందరూ తిరిగి చూశారు. నీదేం తీసుకున్నానే అన్నాను. అమ్మ పెంచిన కొంగ అంది. క్లాసు మొత్తం గొల్లుమంది. దుర్గాశ్రీ రెండు చేతులూ రెక్కల్లా ఆడించింది. కొంగ, కొంగ అని అప్పటికప్పుడు పేరు పడిపోయింది.

మొట్టమొదట ఎవరన్నారో నాకు తెలుసు. నేనే.

9-9, ఆదివారం

రూతు వాళ్ళ అమ్మమ్మ మా గేటు దగ్గరికొచ్చింది. గేటు తియ్యలేదు, బయటే నిలబడింది. చెప్పులు కూడా విడిచేసింది. రోడ్డు మీద! నేను కిటికీ వెనక ఉన్నాను.

మా పిల్ల అన్నం తినట్లేదండీ, మీ అమ్మాయిగారు ఏదో తీసుకున్నారంటండీ అంది. అమ్మ మెల్లగానే అడిగింది. మెషిన్ మీ దగ్గరే ఉందా? ఉందండి. అందులో పెట్టే గేమ్ క్యాసెట్? ఉందండి. మరి మా అమ్మాయి తీసుకుందేంటి?

ముసలావిడ, కొంగండీ అంది. నాయనమ్మ పకపకా నవ్వేసింది. ఆవిడ కూడా నవ్వడానికి ప్రయత్నించింది. చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్ళిపోయింది.

అమ్మ లోపలికొచ్చి నన్నే చూస్తూ నిలబడింది. నిజం చెప్పమంది. ఏం తీసుకుంటానమ్మా, గేమ్‌లో బొమ్మ అన్నాను. బొమ్మే కదా, అయితే ఇచ్చెయ్ అంది. సరేనన్నాను. ఇవ్వలేదు. అమ్మ మళ్ళీ అడగలేదు.

7-10, ఆదివారం

లిస్టులోని జంతువులన్నీ పూర్తయ్యాయి. స్క్రీన్ మీద సర్టిఫికెట్ వచ్చింది, నా పేరుతో. దుర్గాశ్రీకి చూపిస్తే ఇదెందుకు పనికొస్తుంది అంది. నాన్న బాగుందమ్మా అని పేపరు తిప్పారు.

23-12, ఆదివారం

మళ్ళీ గేటు చప్పుడు. ఈసారి రూతు, పక్కన వాళ్ళమ్మ.

దెబ్బలాటకొచ్చిందనుకున్నాను. ఆవిడ సన్నగా ఉంది. మెడ పక్కన కాలిన మచ్చ. చేతిలో చాక్లెట్ల డబ్బా. నన్ను చూసి రెండు చేతులూ జోడించింది. నాకు! "మీరేనాండీ మధులత గారు? మా రూతు ఫోన్లో ఎప్పుడూ మీ మాటేనండి. ఇక్కడ నాకు మధు ఉందమ్మా, నువ్వేం బెంగపడకు అనేదండి. అది విన్నాకే నాకు నిద్ర పట్టేదండి" అంది.

రూతు మందారం చెట్టు వైపు చూస్తోంది.

"ఆ కొంగని కూడా మీకే ఇచ్చేసిందంటగా. మంచి పని చేసింది. మారాక ఎలా ఉందో నేను చూడలేదండి. ఒక్కసారి చూపిస్తారా?"

మెషిన్ తెచ్చాను. ఆవిడ గేటు మీంచి అందుకుని చూసింది. R, U, T, H, U అని అక్షరం అక్షరం వేలితో చూపిస్తూ చదివింది. కువైట్‌లో ఆ ఇంటివాళ్ళు బయటికెళ్ళేటప్పుడు తనని వంటింట్లో పెట్టి తాళం వేసుకుని వెళ్ళేవారట. పొద్దున వెళ్తే ఎప్పటికో వచ్చేవారట. "ఏడ్చుకుంటూ కూర్చోకుండా దీన్ని పెంచానండి. దీనికి దెబ్బ తగిలితే మందు వేసేదాన్ని. పేరు పెట్టి పిలుచుకునేదాన్ని" అంది. మెషిన్ నాకు తిరిగిచ్చేసింది. "ఎంత బాగా మారిందండీ. మీ దగ్గర చల్లగా ఉంటుంది లెండి."

పండక్కి భోజనానికి రావాలంది. మా అమ్మ బయటికొచ్చి, మధు వస్తుంది వస్తుంది అని, డబ్బా తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. వాళ్ళని కూర్చోమనలేదు.

వాళ్ళమ్మ నాలుగడుగులు ముందుకెళ్ళాక రూతు చెయ్యి పట్టుకున్నాను. మెషిన్ తీసుకురా, ఇప్పుడే ఇచ్చేస్తాను, ఒట్టు అన్నాను. రూతు చెయ్యి మెల్లగా విడిపించుకుంది.

"అక్కర్లేదండి. మీరే ఉంచుకోండి."

అండి అంది. నన్ను.

25-12, మంగళవారం

భోజనానికి వెళ్ళలేదు. అమ్మ పంపలేదు. నేనూ అడగలేదు. చాక్లెట్లు నాయనమ్మ పనమ్మాయికి ఇచ్చేసింది.

3-1-2002, గురువారం

స్కూలు తెరిచారు. మ్యాథ్స్ పీరియడ్‌లో నా స్కేలు కింద పడితే రూతు తీసింది. "ఇదిగోండి" అంది. క్లాసంతా నవ్వారు. దుర్గాశ్రీకైతే నవ్వి నవ్వి కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. అప్పట్నుంచి అందరూ నన్ను మధులత గారండీ అంటున్నారు. వాళ్ళందరికీ అది ఆట. రూతు ఒక్కతే నవ్వట్లేదు.

ఇంటర్వెల్‌లో ట్యాంకు వెనక్కి వెళ్ళాను. నన్ను ఏమైనా తిట్టవే, కొట్టవే అన్నాను. అది లంగా దులుపుకుని లేచి నిలబడింది. మా టీచర్లు వచ్చినప్పుడు లేచినట్టు. నేను వెళ్ళేదాకా కూర్చోలేదు.

10-1, గురువారం

కొత్త గేమ్ మొదలుపెట్టాను. పాతదంతా చెరిగిపోతుంది, సరేనా అని మెషిన్ అడిగింది.

సరే నొక్కాను.

మళ్ళీ అడుగుతుందనుకున్నాను. అడగలేదు.