మూడంతస్తుల తేడా

అక్కా,

బడి ఆఫీసులో కూర్చుని రాస్తున్నాను. హెడ్మాస్టరుగారు భోజనానికి వెళ్ళారు, ఆయన వచ్చేదాకా నాకు విశ్రాంతి. నీ మరిది కులాసా. ఆపరేషనైన మోకాలికి ఇంకా కట్టు మారుస్తున్నారు. కర్ర పట్టుకుని వీధి గుమ్మం దాకా నడుస్తున్నారు. ఇక నా సంగతి. అలిసిపోయానక్కా. ఒళ్ళు కాదు, నోరు. నాలుగు నెలలుగా ఒకే మాట చెప్పి చెప్పి.

మా ఇంటి వెనక మూతపడ్డ బస్సు డిపో స్థలం నీకు తెలుసుగా. అక్కడ రెండంతస్తులు మించకూడదన్న నిబంధన మార్చి ఎనిమిదంతస్తులు కడతారట. సొంతిల్లు లేనివాళ్ళకు వాయిదాల మీద ఇస్తారట. అది విన్న రోజే మా వీధి సంఘం నన్ను కార్యదర్శిని చేసి కూర్చోబెట్టింది. టైపు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే మరి. మా భయాలు ఉత్తుత్తివి కావు. నాలుగు చినుకులు పడితే మురిక్కాలువ ఎదురుతన్ని స్నానాల గదిలోకి వస్తుంది. కొళాయి నీళ్ళు పై ట్యాంకుకి ఎక్కవు. మా బడిలో తరగతికి యాభై నలుగురు. బెంచీకి నలుగురు కూర్చుంటే నాలుగోవాడు సగం గాల్లో ఉంటాడు. ఇవన్నీ అర్జీలో రాశాను. అక్కడితో ఆగితే బాగుండేది.

మా పక్కింట్లో రిటైరైన ప్రూఫ్‌రీడరు ఒకాయన ఉన్నారు, అందరం బాబాయిగారంటాం. ఆయన చదివి, "అంతా బాగుందమ్మా, కానీ చప్పగా ఉంది. కాస్త కారం తగలాలి" అన్నారు. వేశాను కారం. "అద్దె కొంపలకు అలవాటుపడ్డవాళ్ళకు వీధి మీద మమకారం ఉండదు. వాళ్ళొస్తే ఈ పేట పరువు పోతుంది" అని టైపు చేశాను. నూట పదిమంది సంతకాలు పెట్టారు. ఒక్కరూ ఆ వాక్యం దగ్గర ఆగలేదు. నేనూ ఆగలేదు.

మొన్న మునిసిపల్ హాల్లో విచారణ జరిగింది. ప్లానింగ్ ఆఫీసరు అర్జీ మొత్తం పైకి చదివించాడు. ఆ వాక్యం అవగానే వెనక వరసలో ఒకామె లేచింది. నీ మరిదికి కట్టు మార్చే నర్సమ్మ. ఆ ఇళ్ళ కోసం తనూ పేరు రాయించుకుందట.

"రోజూ రెండు బస్సులు మారి ఈ పేటకొస్తాను. పదకొండు ఇళ్ళల్లో రోగుల్ని చూస్తాను. పరువు సంగతి నాకు తెలీదండి. ఏ ఇంట్లో ఎవరికి ఎక్కడ పుండుందో మాత్రం తెలుసు" అని కూర్చుంది. గొంతు కూడా పెంచలేదు.

మర్నాడు పొద్దున ఎప్పటిలాగే వచ్చింది. కట్టు విప్పింది, మందు రాసింది. నేను ఉండబట్టలేక "అది రాసింది నేనే" అన్నాను.

"తెలుసండి, కింద మీ పేరుందిగా. కాస్త వేణ్ణీళ్ళు ఇవ్వండి" అంది. అంతే. రెండు తిట్టినా బాగుండేది.

ఇరవయ్యారేళ్ళుగా అద్దె ఇళ్ళల్లో ఉంటున్నదానివి నువ్వు. ఆ మాట టైపు చేసేటప్పుడు నువ్వు నాకు గుర్తుకే రాలేదు. నీకు చెప్పుకోవాల్సింది అదీ. ఏం చెయ్యమంటావు?

నీ పిచుక

*

అక్కా,

రెండు నెలలైంది, నీ దగ్గర్నుంచి ముక్క లేదు. కోపమైతే కోపమనే రాయి.

నీ జవాబు కోసం చూసి చూసి నాకు తోచింది చేశాను. రెండో విచారణలో లేచి ఆ వాక్యం కొట్టేయమన్నాను. "ఇది సంఘం మాటా, మీ సొంత మాటా?" అన్నాడు ఆఫీసరు. "రాసినదాన్ని నేను, సిగ్గుపడుతున్నదీ నేనే" అన్నాను. కొట్టేశారు. ఆ రోజు నుంచి బాబాయిగారు నేను కనబడితే గేటు వేసుకుంటున్నారు. కాలువ, నీళ్ళు, బడి, వీటిని మాత్రం నేను వదల్లేదు. అవి నిజాలు కదా. చివరికి ఎనిమిది కాస్తా ఐదైంది. పెద్ద కాలువ తవ్వాకే పునాది వెయ్యాలన్నారు. సంఘంవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఇళ్ళ జాబితాలో నర్సమ్మ పేరు వచ్చింది. ఆ సంగతి నాతో చెబుతూ నవ్వింది కూడా. ఇరుపక్షాలకూ మంచే జరిగిందనుకున్నాక, ఇన్నాళ్ళకి అన్నం సయిస్తోంది. నువ్వు కూడా ఒక్క ముక్క బాగుందని రాస్తే చాలు.

పిచుక

*

పిచుకా,

కోపం కాదే. మా ఆస్పత్రి లాండ్రీలో ఇద్దరు మానేశారు. దుప్పట్ల ఇస్త్రీ అంతా నా నెత్తిన పడింది. ఇంటికొచ్చాక పెన్ను పట్టే ఓపిక ఉండటం లేదు. ఇది సగం నిజం. మిగతా సగం కూర్చుని చదువు.

ఆ ఎనిమిదంతస్తుల్లో ఇంటికి నేనూ పేరు రాయించాను. నీ ఇంటి వెనకే చేరి, నువ్వు వీధిలోకి వచ్చినప్పుడు పైనుంచి కేకేసి పిలవాలని సరదా. ఈలోగా నువ్వు కార్యదర్శివయ్యావు. చెబితే నా కోసం సంఘంతో పోట్లాడతావు, లేకపోతే సంఘం కోసం నా దగ్గర ముడుచుకుపోతావు. రెండూ వద్దని ఊరుకున్నాను. అంతస్తుకి ఇరవై నాలుగు ఇళ్ళు. జాబితాలో నాది నూట నలభై ఒకటో వరస. ఎనిమిదైతే వచ్చేది. ఐదు కాబట్టి నూట ఇరవై దగ్గర ఆగిపోయింది.

ఇది రాయకుండా ఉండాలనే చూశాను. నీ ఉత్తరానికి బాగుందని బదులు రాయబోతే చెయ్యి కదల్లేదు. నువ్వు టైపు చేసిన మాట నన్ను నొప్పించింది. ఇల్లు మారిన ప్రతిసారీ నా గురించి నేనే ఆ మాట అనుకున్నాను కాబట్టి ఇంకా నొప్పించింది. కానీ అంతస్తులు తగ్గింది ఆ మాట వల్ల కాదు, కాలువ వల్ల. మురుగు ఎవరి ఇంట్లోకీ రాకూడదు. నువ్వు చేసిన తప్పు వేరు, నాకు తప్పిన ఇల్లు వేరు. రెండూ కలిపి మెడకు కట్టుకోకు. మొదటిదానికి మాత్రం ఏడువు, నేనేమీ అడ్డుపడను.

ఇప్పుడున్న ఇంటివాళ్ళు నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నారు. ఇంకో గది దొరికేదాకా నీ దగ్గరే ఉంటాను. పది రోజులని అబద్ధం చెప్పను, ఎన్నాళ్ళో నాకే తెలియదు. ఎవరికీ అడ్డం రాని మూల ఒకటి చూసి ఉంచు. గురువారం పొద్దుటి బస్సుకి దిగుతాను. ఎవరొచ్చారని మీ సంఘంవాళ్ళు అడిగితే మా అక్క అని ఊరుకోకు. అద్దెకుండే మనిషి అని కూడా చెప్పు.

అక్క