అంటు కింద చిగురు

జూలై 6, ఆదివారం.

ఈ పొద్దున ముళ్లకంప తీస్తే, మన బేనీషా మామిడి మొద్దుకు వేలంత లావు కొమ్మ మొలిచి ఉంది, జేజినాయనా! నువ్వు చనిపోయిన వారానికే, తన చేనికి నీడ పడుతోందని పక్కచేను ఓబులేసు మామ నరికించిన చెట్టే.

ఆయన గట్టు మీది నుంచే నవ్వాడు. “సంబరపడొద్దు పాపా. అంటుకు కింద, నాటు మొదలుకు పుట్టిండాది, పుల్లకాయలే కాస్తాది.”

“ఊరగాయకు నీకే పంపిస్తాలే మామా,” అన్నాను.

అంటుకోవడమంటే అతుక్కోవడమే కాదు, మండడం కూడా. నాకు రెండూ కావాలి. ఆయన చేలో ఉన్న మామిడిచెట్టుకు అంటు కట్టింది నువ్వే, మన చెట్టు పుల్లతోనే. ఆయన మరిచిపోయాడు. దాని కొమ్మ ఒకటి మన చేలోకి వాలి ఉంది.

రేపు పొద్దున ఆయన వచ్చేదాకా ఆగి, ఆయన కళ్లముందే ఆ కొమ్మ నుంచి పుల్ల కోసి, నీ కత్తితోనే మన చిగురుకు అంటు కడతాను.