చేపలకి వెయ్యని మందు

లేదక్కా, నాన్న చేతి వాపు తగ్గలేదు. మీరు అడగలేదులే, నేనే చెప్తున్నా. మొన్న మా చేపల చెరువు నీళ్ళు మీ ల్యాబుకి నేను సీసాల్లో పట్టుకొచ్చినప్పుడే చెబుదామనుకున్నా. సీసాలిచ్చేసి వచ్చేశా. అందుకే మెసేజ్ పెడుతున్నా.

చేప ముల్లు గుచ్చుకుని వేలు వాచింది. డాక్టరు గారు మాత్రలిచ్చారు. నాన్న వేసుకుంటూనే ఉన్నాడు, వాపు మోచేతి దాకా పాకింది. మాత్రల అట్ట మీద పేరు కూడబలుక్కుని చదివా. చేపలకి జబ్బు రాకుండా మేం మేతలో కలిపే పొడి డబ్బా మీదా అదే పేరుంది. నాన్నకి చెబితే నవ్వాడు. "చేపకి పనిచేసింది నాకు పనిచెయ్యదేంట్రా, దానికన్నా తీసిపోయానా" అన్నాడు.

మీరేమో ఆ రోజు సీసాలు తీసుకుంటూ చెప్పారు, ఇలాంటి చెరువుల్లో క్రిములు ఆ మందుకి లొంగడం మానేస్తున్నాయని. మందుని తప్పించుకునే కిటుకు వాటి జన్యువుల్లో ఉంటుందని, పక్క క్రిమికి కూడా రాసిచ్చేస్తాయని. అప్పుడు నా బుర్రకెక్కలేదు. నాన్న చెయ్యి చూస్తుంటే ఇప్పుడు ఎక్కుతోంది.

రేపు పెద్దాసుపత్రికి తీసుకెళ్తున్నా. చేపలకి ఇన్నాళ్ళూ వేసిన మందుల డబ్బాలన్నీ అక్కడ చూపిద్దామని సంచిలో పెట్టా. సంచి నిండిపోయిందక్కా. మేం చేపలకి వెయ్యని మందు ఇంకేమైనా మిగిలుందా?